బల్లికి ఫ్యాన్ ఏంటని అడిగేవాళ్ళకి

బల్లి అనగానే ఒళ్ళు జలదరించేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, నేనేమీ అనుకోను. మిగతావాళ్ళకి చెప్తున్నా: మా ఇంట్లో ఒక పగటి బల్లి, అంటే రాత్రి కాకుండా పగలు తిరిగే జాతి బల్లి ఉంది. ట్యూబులైటు పక్కన కాపు కాసి పురుగులు పట్టే మన బూడిదరంగు బల్లి కాదు, ఇది మడగాస్కర్‌ది. ఒళ్ళంతా చిలకపచ్చ, మెడ మీదా భుజాల మీదా బంగారు రజను చల్లినట్టు సన్న చుక్కలు, నడుం కింద మూడు ఎర్ర పట్టీలు, కంటి పైన నీలం. తోకతో కలిపి జానెడు కూడా ఉండదు. శాస్త్రం పేరు ఫెల్సుమా లాటికాడా. విశాఖలో ఉండే మా బావమరిది ఉద్యోగం మీద వేరే దేశం వెళ్ళిపోతూ, "బావా, నువ్వయితేనే చూసుకోగలవు" అని మొహమాటపెట్టి, పెట్టెతో సహా తెచ్చి విజయనగరంలో మా హాల్లో దింపి వెళ్ళాడు. పేరు చిలకమ్మ. పేరు పెట్టింది మా అమ్మ.

పేరు పెట్టడానికి ముందు అమ్మ అన్నమాట వేరు. "ఓలమ్మ, బల్లికి లైటేటి, ఫేనేటిరా? మనకే కరెంటు బిల్లు కట్టలేక సస్తంటే!" ఇంటికొచ్చిన ప్రతివాళ్ళదీ ఇంచుమించు ఇదే ప్రశ్న. ఒకాయనైతే మరీ, "మాస్టారూ, వేడి దేశం బల్లే కదా, మన ఎండకి హాయిగా ఉంటుంది, ఇంకా ఫ్యానెందుకు?" అన్నారు. ఈ పోస్టు ఆయన కోసమే అనుకోండి.

పగటి బల్లుల గురించి ఇంగ్లీషులో బోలెడు సమాచారం దొరుకుతుంది. వీడియోలున్నాయి, పుస్తకాలున్నాయి. కానీ అవి రాసినవాళ్ళు ఎక్కువమంది చలి దేశాల వాళ్ళు. బయట మంచు పడుతుంటే గదిలో పెట్టెని ఎలా వెచ్చగా ఉంచాలన్నదే వాళ్ళ బాధ. అందుకే ఏ పేజీ తిప్పినా హీట్ బల్బు ఎన్ని వాట్లు, హీట్ మ్యాట్ ఎక్కడ పెట్టాలి, రాత్రిపూట సిరామిక్ హీటర్ అవసరమా, ఇదే గోల. ఆ లెక్కన విజయనగరంలో మే నెలలో సెటప్ చేస్తే మధ్యాహ్నానికి బల్లి ఉడికిపోతుంది. మన దగ్గర ఆ పుస్తకాన్ని తిరగేసి చదవాలి. వాళ్ళు ఎలా వేడి చేయాలా అని ఆలోచించిన ప్రతిచోటా మనం ఎలా చల్లబరచాలా అని ఆలోచించాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దాని వివరమే.

ఈ జాతి సొంతూరు మడగాస్కర్ ఉత్తరం వైపు, నోసీ బే అనే దీవి. కొమొరో దీవుల్లోనూ ఉంటుంది. అక్కడ వేడి ఉంటుంది కానీ పగలు 30 డిగ్రీలకి అటూ ఇటూ, చుట్టూ సముద్రం, మధ్యాహ్నం వాన, నీడనిచ్చే అరటి తోటలు, కొబ్బరి చెట్లు. మన దగ్గర మే నెలలో పడమటి గాలి తిరిగిన రోజున పాదరసం 42 దాటడం కొత్తేమీ కాదు. ఆ వేడి దానికి పుట్టినప్పటి నుంచీ తెలియదు. అడవిలో అయితే ఎండ ముదిరేసరికి ఆకు కిందకో తొర్రలోకో దిగిపోతుంది. గాజు పెట్టెలో ఎక్కడికి దిగుతుంది?

లెక్కలు ఒకసారి చెప్పేస్తాను. పెట్టెలో పగటిపూట మామూలుగా 26 నుంచి 29 డిగ్రీలు, ఎండ కాచుకునే కొమ్మ దగ్గర మాత్రం 31, 32, రాత్రి 22 నుంచి 24. తేమ 60 నుంచి 80 శాతం. పెట్టె మొత్తం 35 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణం మీదకి వస్తుంది. ఈ అంకెలు పట్టుకుంటే మన ఊళ్ళో అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా పెద్ద కష్టం లేదు. డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు 16, 17కి దిగినా ఫర్వాలేదు, పొద్దున్నే పైన ఒక చిన్న బల్బు వేస్తే దాని కిందకి వచ్చి కాసేపట్లో తేరుకుంటుంది. ఉన్న కష్టమంతా ఏప్రిల్ నుంచి జూన్‌లో మొదటి వాన పడేదాకా.

ముందు పెట్టె ఎక్కడ పెట్టామన్నదే సగం పని. మేడ మీద గది వద్దే వద్దు. శ్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది, అర్ధరాత్రి పన్నెండుకి కూడా పైకప్పు వేడిగా ఉంటుంది, మనం ఆ గదిలో పడుకోలేక డాబా మీదకి పోతాం కదా, బల్లి ఎక్కడికి పోతుంది. కింద గది, పడమర ఎండ తగలని గోడ, కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా. కిటికీలోంచి పడే ఎండ గాజు పెట్టె మీద పది నిమిషాలు నేరుగా పడితే లోపల ఎంత వేడెక్కుతుందో ఊహించుకోవాలంటే ఎండలో అద్దాలు ఎత్తి ఆపిన కారు తలుపు తీసి చూడండి చాలు.

తర్వాత గాలి. పెట్టె పైకప్పు గాజు కాకుండా సన్న జాలీ ఉండాలి, ముందు వైపు కిందనో చిన్న జాలీ పట్టీ ఉండాలి. పై జాలీ మీద పాత కంప్యూటర్‌లో తీసిన 12 వోల్టుల ఫ్యాను ఒకటి, గాలి లోపలికి కొట్టేలా కాదు, లోపలి వేడిగాలి బయటికి లాగేలా బోర్లించి పెట్టాను. ఇదే మా అమ్మ చెప్పే "ఫేను". దీనికి కరెంటు ఖర్చు లేనట్టే లెక్క, ఇన్వర్టర్ మీద గంటల తరబడి నడుస్తుంది. వేడి మరీ మించితే నీళ్ళు గడ్డకట్టించిన బాటిల్‌ని పాత తుండుగుడ్డలో చుట్టి జాలీ మీద ఒక మూల పెడతాను. చల్లగాలి బరువు కాబట్టి కిందకి దిగుతుంది, పెట్టెలో ఒక పక్క చల్లగా, ఒక పక్క మామూలుగా ఉంటుంది, ఏది కావాలో అదే చూసుకుంటుంది. మొత్తం పెట్టెని ఒకేసారి చల్లబరచడం మంచిది కాదు, ఎంచుకునే వీలు దానికి ఉండాలి.

తడిగుడ్డ కప్పితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. గాలిని బట్టి ఉంటుంది. పడమటి గాలి వీచే రోజున గాలి పొడిగా ఉంటుంది, తడిగుడ్డ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నాలుగు డిగ్రీలు ఇట్టే దింపుతుంది. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగిందంటే మాత్రం గాలిలోనే నీళ్ళు నిండిపోయి ఉంటాయి, గుడ్డలో తడి ఆరదు, ఆరనప్పుడు చల్లదనం రాదు. పైగా పెట్టె లోపల ఉక్కపోత ఎక్కువవుతుంది. ఎయిర్ కూలర్ కథ కూడా అంతే. పూసపాటిరేగ, భోగాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళకి తడిగుడ్డ దాదాపు దండగ. ఇటు సముద్రానికి దూరంగా గజపతినగరం, బొబ్బిలి వైపు వాళ్ళకి చాలా రోజులు కలిసొస్తుంది. ఏ చిట్కా అయినా పెట్టెలో ఒక థర్మామీటరు పైనా ఒకటి కిందా పెట్టి చూసుకుని నమ్మండి, చేత్తో తాకి చల్లగా ఉందిలే అనుకోవడం కాదు.

ఎండాకాలం హీట్ బల్బు అసలు వేయను. లైట్ల టైమూ మారుస్తాను. మనకి మే నెలలో అయిదున్నరకే తెల్లారిపోతుంది కదా, అప్పుడే లైట్లు వేసేస్తే పదింటి లోపు దాని ఎండ కాచుకోవడం, తినడం అన్నీ అయిపోతాయి. పదకొండు నుంచి మూడు దాకా సన్నటి ఎల్‌ఈడీ తప్ప ఏదీ వెలగదు, అది వెదురు బొంగులో దూరి పడుకుంటుంది. సాయంత్రం మళ్ళీ కాసేపు. ఎండదెబ్బ తగులుతున్నట్టు ఎలా తెలుస్తుందంటే, నోరు తెరుచుకుని ఎగరొప్పుతుంది, ఎప్పుడూ పైన తిరిగేది కింద మట్టి మీద చేరుతుంది, రంగు మసకబారి నల్లబడుతుంది. అలాంటప్పుడు చల్లటి నీళ్ళు దాని మీద పోసేయకండి. పెట్టెని చల్లటి గదిలోకి మార్చి ఆకుల మీద మామూలు నీళ్ళు పిచికారీ చేస్తే చాలు.

ఇక అసలు లైటు సంగతి. పగటి బల్లికి అతినీల లోహిత కిరణాలు కావాలి, యూవీబీ అంటారు, అది లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకల్లోకి చేరదు. కిటికీ పక్కన పెట్టాం కదా, ఎండ వస్తోంది కదా అంటే కుదరదు, కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది. అందుకని సరీసృపాల కోసమే చేసిన యూవీబీ ట్యూబు పెట్టాలి. ఎండ కాచుకునే చోట యూవీ సూచిక (ఆ కిరణాల తీవ్రత చెప్పే అంకె) 2 నుంచి 4 మధ్య ఉంటే బావుంటుంది. పై జాలీ కూడా ఆ కిరణాలని కొంత కోసేస్తుంది కాబట్టి దూరం దాన్ని బట్టి చూసుకోవాలి. ఈ ట్యూబుతో తిరకాసు ఏంటంటే, లోపల యూవీబీ అయిపోయినా తెల్లటి వెలుగు మాత్రం అలాగే వస్తుంటుంది, చూడటానికి బాగానే ఉంటుంది. అందుకే వెలిగించిన తేదీ ట్యూబు చివర మార్కర్‌తో రాసుకుని ఏడాదికి అటూ ఇటూగా మార్చేయాలి. ఖరీదు ఎక్కువే, అయినా ఇంకా బాగానే వెలుగుతోందని అలాగే ఉంచేయకండి. బల్లి కంటే లైటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

చలికాలంలో పొద్దున్న ఏడు, ఎనిమిది మధ్య జాలీ పంజరంలోకి మార్చి పెరట్లో నిజమైన ఎండ చూపించొచ్చు. గాజు పెట్టెతో మాత్రం ఎండలోకి తీసుకెళ్ళొద్దు. పంజరంలో సగం నీడ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. కాకులున్నాయి, పిల్లులున్నాయి.

పెట్టె గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చెట్టెక్కే జీవి కాబట్టి వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం, ఒక్క బల్లికి అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తక్కువలో తక్కువ, ఇంకా పెద్దదైతే వేడి అంత త్వరగా పెరగదు కాబట్టి మన ఊళ్ళో పెద్దదే నయం. రెండు మగవాటిని కలిపి పెట్టకూడదు, కొట్టుకు చస్తాయి. లోపల వెదురు. ఇది మాత్రం మనకి వరం. మేదర వాళ్ళ దగ్గరికెళ్ళి బుట్టలకి పనికిరాని లావు బొంగు ముక్కలు అడిగితే నవ్వుతూ ఇస్తారు. కణుపుల మధ్య ఒక చీలిక చేయించుకుంటే దాని పడకగది తయారు. విదేశాల్లో ఇదే వెదురు ముక్కని ప్యాకెట్లో పెట్టి అమ్ముతారట. మొక్కలంటే స్నేక్ ప్లాంటు, మనీ ప్లాంటు చాలు. నర్సరీలో పురుగుమందు కొట్టి ఉంటారు కాబట్టి మొక్క కొన్నాక ఆకులన్నీ కడిగి, మట్టి మార్చి, ఒక నెల బయట ఉంచి అప్పుడు లోపల పెట్టండి.

పొద్దున్నే లైటు వేసినప్పుడు చూడాలి చిలకమ్మని. ముందు బొంగు చీలికలోంచి ముక్కు ఒక్కటే వస్తుంది, కాసేపు అలాగే ఆగుతుంది, గదిలో ఎవరున్నారో లెక్క చూసుకుంటుందన్నమాట. అప్పటికి దాని రంగు పాత ఆకులా నల్లపచ్చ. పైకి పాకి లైటు కింద ఒళ్ళు పలచగా పరుచుకుని కూచుంటుంది. కళ్ళకి రెప్పలు ఉండవు, నాలుక బయటికి చాచి కుడి కన్ను ఒకసారి, ఎడమ కన్ను ఒకసారి తుడుచుకుంటుంది. టీ తాగి వచ్చేసరికి ఒళ్ళు మెరిసిపోతూ ఉంటుంది, ఆ బంగారు చుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో అనిపిస్తుంది. కీచురాయి కనపడితే తోక చివర మాత్రం సన్నగా వణుకుతుంది, అది దూకబోతోందని గుర్తు. మన గోడబల్లి కంటిపాప పగలు నిలువు గీతలా ఉంటుంది చూడండి, దీనికి గుండ్రంగా ఉంటుంది, పగలు తిరిగే జీవి కదా.

చేత్తో పట్టుకోవచ్చా? వద్దు. దీని చర్మం మరీ పలచన, పట్టుకుంటే చర్మం చేతిలోకి ఊడొచ్చేస్తుంది. పిట్ట నోట్లోంచి తప్పించుకోవడానికి అదొక ఉపాయం. మళ్ళీ మానుతుంది కానీ మానేదాకా మనకి టెన్షన్. తోక కూడా తెగిపోతుంది. మా అమ్మకి ఇందులో ఇంకో చిక్కు. పంచాంగంలో బల్లి పడితే ఏ భాగానికి ఏ ఫలితమో రాసి ఉంటుంది కదా, మడగాస్కర్ బల్లి పడినా అదే ఫలితమా అని పురోహితుణ్ణి అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. కంచిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చాను కాబట్టి నాకే దోషమూ లేదని చివరికి తనే తేల్చుకుంది.

నీళ్ళు గిన్నెలో పెడితే తాగదు, ఆకుల మీద చుక్కల్ని నాకుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిచికారీ. బోరు నీళ్ళు కొడితే గాజు మీద తెల్లటి మరకలు పడి వారానికి లోపలేముందో కనపడదు. వాన నీళ్ళు పట్టి పెట్టుకుంటే మంచిది, లేదా ఫిల్టర్ నీళ్ళు. వానాకాలంలో మాత్రం పిచికారీ తగ్గించి ఫ్యాను ఎక్కువసేపు నడపాలి, లేకపోతే బూజు పడుతుంది. డిసెంబర్‌లో దీనికి ఎదురు, గాలి పొడిబారి కుబుసం సరిగ్గా ఊడదు, వేళ్ళ చివర బిగుసుకుపోతుంది, ఆ వేళ్ళ కింది పొరలతోనే కదా గాజు మీద పాకేది. కుబుసం విడిచే ముందు ఒళ్ళు తెల్లగా పాలిపోతుంది, ఆ రెండు రోజులు కాస్త ఎక్కువ తడపండి. ఊడిన కుబుసాన్ని అదే తినేస్తుంది, భయపడకండి.

తిండి విషయంలో ఇది మన గోడబల్లి లాంటిది కాదు, తీపి రుచి తెలిసినది. అడవిలో పురుగులతో పాటు పువ్వుల్లో తేనె, పుప్పొడి, పండిన పళ్ళు తింటుంది. మారిషస్‌లో దీని దగ్గరి జాతి ఒకటి పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోసి కాయలు కాయిస్తుంది, అక్కడ కొన్ని పూలలో తేనె ఎర్రటి రంగులో ఉంటుంది, ఆ రంగు చూసి బల్లులు వస్తాయి. కాబట్టి వారంలో రెండుసార్లు పండు గుజ్జు పెడతాను. బొప్పాయి అన్నిటికంటే మంచిది. మామిడి కాలంలో మా ఇంట్లో సువర్ణరేఖ కోసినప్పుడు టెంక పక్కన గుజ్జు సోడా మూతలో వేసి పెడితే, ముందు వాసన చూసి, నాలుక ఒక్కసారి తగిలించి, ఇక తల ఎత్తదు, మూతి చుట్టూ పసుపు అంటుకుని ఉంటుంది. నిమ్మ, బత్తాయి లాంటి పులుపు వద్దు. పండు రెండు గంటల తర్వాత తీసేయాలి, మన వేడికి పులిసిపోతుంది. ఇలాంటి బల్లుల (ఇంగ్లీషులో గెకో అంటారు) కోసం రెడీమేడ్ పొడి కూడా దొరుకుతుంది, నీళ్ళలో కలిపి పెట్టడమే, అందులో కావలసినవన్నీ ఉంటాయి కాబట్టి అది ఉంటే ఇంకా మంచిది.

పురుగులు కొనాలి లేదా పెంచాలి. పొలంలో మిడతల్ని పట్టుకొచ్చి వేయొద్దు, వరి చేలకి ఏ మందు కొట్టారో మనకి తెలియదు. నేను గోధుమ తవుడు డబ్బాలో మీల్‌వార్ములనే పురుగుల్ని పెంచుతాను, కీచురాళ్ళు కొంటాను. దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకూడదు. వేసే ముందు పురుగుకి క్యారెట్టు, మునగాకు తినిపించండి, దాని పొట్టలో ఉన్నదే బల్లికి చేరేది. తర్వాత కాల్షియం పొడిలో దొర్లించి వేయాలి.

ఈ కాల్షియం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే పెంపుడు బల్లులకి తరచుగా ముప్పు తెచ్చేది దీని లోటే. దవడ మెత్తబడుతుంది, తోక వంకర్లు తిరుగుతుంది, కాళ్ళు వణుకుతాయి, గాజు మీద నుంచి జారి పడుతుంది. అంతదాకా వచ్చాక పూర్తిగా బాగుచేయడం కష్టం. చిలకమ్మ ఆడది. ఆడవాటికి మెడకి రెండు పక్కలా తెల్లగా ఉబ్బిన తిత్తులు కనపడతాయి. మొదటిసారి చూసినవాళ్ళు గడ్డలనుకుని కంగారు పడతారు. అవి కాల్షియం నిల్వలు, గుడ్డు పెంకు కోసం దాచుకున్నవి. అవి నిండుగా ఉన్నాయంటే అంతా బావున్నట్టు. మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది, జతగా, పిల్లలు రావు. పెట్టాక ఆ తిత్తులు చిక్కిపోతాయి. అందుకే ఒక మూల చిన్న మూతలో కాల్షియం పొడి ఎప్పుడూ ఉంచుతాను, కావలసినప్పుడు అదే వెళ్ళి నాకుతుంది.

పక్కింటి పిన్నిగారు "కిళ్ళీ సున్నం కాస్త రాయండి, అదీ కాల్షియమే కదా" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు కానీ దయచేసి ఆ పని చేయకండి. కిళ్ళీ సున్నం నోరు కాలుస్తుంది, ఇంత చిన్న జీవికి నాలుక, గొంతు పుండ్లు పడిపోతాయి. బల్లికి కావలసింది కాల్షియం కార్బొనేట్. సరీసృపాల పొడి దొరక్కపోతే మన తీరంలో కొట్టుకొచ్చే సముద్రపు నురుగు ఉంది చూశారూ, ఆయుర్వేద దుకాణాల్లోనూ అమ్ముతారు, నిజానికి అది ఒక రకం సముద్ర జీవి ఒంట్లోని పెంకు. దాన్ని ఉప్పు పోయేలా నీళ్ళు మారుస్తూ బాగా నానబెట్టి, ఎండబెట్టి, గీరి పొడి చేసుకుంటే పని జరుగుతుంది. డి3 కలిసిన పొడి మాత్రం వారానికోసారి మించొద్దు, ఎక్కువైనా ప్రమాదమే.

ఏ పుస్తకంలోనూ పెద్దగా కనపడని శత్రువు ఇంకొకటుంది. చీమలు. పండు గుజ్జు పెట్టిన అరగంటకి ఎర్ర చీమల బారు గోడ దిగి వచ్చేస్తుంది. గుడ్లనీ, పిల్లల్నీ, కుబుసం విడిచేటప్పుడు నీరసంగా ఉన్న పెద్దదాన్నీ కూడా వదలవు. చీమల సుద్ద గీయడం, మందు చల్లడం కుదరదు, అది బల్లికీ విషమే. మా అమ్మ అలమార కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టేది, అదే ఇక్కడా పెట్టించింది, స్టాండు నాలుగు కాళ్ళూ నాలుగు పళ్ళేల్లో. నీళ్ళు రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే చీమలు పోయి దోమలు పుడతాయి. స్టాండు గోడకి తగలకూడదు, ఫ్యాను వైరు మీదుగా కూడా వచ్చేస్తాయి, ఆ వైరుకి ఒకచోట వాజిలిన్ పూస్తే ఆగుతాయి.

దోమలంటే గుర్తొచ్చింది. ఈ గదిలో దోమల చుట్టలు, ప్లగ్గులో పెట్టే లిక్విడ్లు, స్ప్రేలు ఏవీ వాడకూడదు. వాటిలో ఉండేది పురుగుల మందే, పెంచుకుంటున్న కీచురాళ్ళు ముందు చస్తాయి, తర్వాత బల్లికి వణుకు మొదలవుతుంది. మేం దోమతెర కట్టుకుంటాం. సాంబ్రాణి పొగ ఈ గది తప్ప మిగతా ఇల్లంతా. దీపావళి రెండు రోజులూ తలుపు కింద తడిగుడ్డ పెట్టి కిటికీలు మూసేస్తాను.

మన జిల్లాల్లో ఉండి తుఫాను గురించి చెప్పకపోతే ఎలా. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ, వాటి తర్వాత ఎన్ని ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో విశాఖ వాళ్ళనీ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళనీ అడిగితే చెప్తారు. అలాంటప్పుడు బల్లి గురించి మరీ బెంగపడక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బల్లి కొన్ని రోజులు తిండి లేకుండా ఉండగలదు, యూవీబీ వారం లేకపోయినా ఏమీ కాదు. నీళ్ళ చుక్కలు మాత్రం రోజూ ఉండాలి, దానికి కరెంటు అక్కర్లేదు కదా. ఈదురుగాలికి కిటికీ అద్దాలు పగిలే చోట పెట్టె ఉండకుండా చూసుకుంటే చాలు. ఫ్యాను ఆగిపోతే పెట్టె ముందు వైపు తలుపు తెరిచి, ఆ ఖాళీకి అడ్డంగా దోమతెర గుడ్డ బిగించండి.

జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలనేది మనకి పెద్ద లోటు. మన పశువుల డాక్టర్లు ఆవులకీ గేదెలకీ గొర్రెలకీ అలవాటుపడ్డవాళ్ళు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ముందే వెళ్ళి సరీసృపాలు చూసేవాళ్ళెవరైనా ఉన్నారా అని కనుక్కుని ఉంచుకోవడం నయం, బల్లి నీరసపడ్డాక వెతుక్కోవడం కంటే.

చివరగా కాగితాల సంగతి, ఇది తప్పించుకునే విషయం కాదు. ఫెల్సుమా బల్లులు సైటిస్, అంటే అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం జాబితాలో ఉన్నాయి. మన వన్యప్రాణి రక్షణ చట్టాన్ని 2022లో సవరించాక, 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటివి ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా అక్కడ చెప్పాలి. మా బావమరిది దగ్గర నుంచి నా పేరు మీదకి మారేదాకా పెట్టెని నేను ఇంట్లోకి రానివ్వలేదు. అండమాన్ దీవుల్లో ఇదే కుటుంబానికి చెందిన పచ్చ బల్లి ఒకటి ఉంది, అది మన దేశపు అడవి జీవి, ఎవరైనా తెచ్చి ఇస్తామన్నా తీసుకోకండి.

ఇక తలుపు గడియ. మన వాతావరణంలో హీటర్ అవసరం లేదంటే అర్థం ఏంటి, తప్పించుకుంటే ఏడాదిలో ఎక్కువ భాగం బయట బతికేయగలదని. ఇదే జాతి మనుషుల చేతుల మీదుగా హవాయి దీవులకి చేరి ఇప్పుడు అక్కడ పెరటి గోడల మీద తిరుగుతోంది. దీని పెద్దక్క లాంటి మడగాస్కర్ పెద్ద పగటి బల్లి ఫ్లోరిడాలో స్థిరపడింది, మారిషస్‌లో అక్కడి స్థానిక బల్లుల్ని తినేస్తోంది. అందుకే మా పెట్టెకి రెండు గడియలు. గది తలుపు వేశాకే పెట్టె తలుపు తీస్తాం, మా అమ్మ అయితే తీసే ముందు కిటికీ కూడా మూసి, సీలింగ్ ఫ్యాను ఆపి మరీ తీస్తుంది. ఎవరికైనా పెంచాలని ఉంటే ఏప్రిల్, మే నెలల్లో తెచ్చుకోకండి. నవంబర్‌లో తెచ్చుకుంటే ఎండలు వచ్చేలోపు దాని అలవాట్లు మీకు, మీ ఇల్లు దానికి అర్థమవుతాయి.